పదిహేను శాతం

మా ఆయన మహీధర్ కౌన్సిలర్ అయింది నిరుడు జూన్‌లో. ఎన్నికలేం జరగలేదు, ఎవరూ ఓట్లు వేయలేదు. ఆ సీట్లో ఉన్న పెద్దమనిషి ఆరోగ్యం బాగాలేదని తప్పుకుంటే, పార్టీవాళ్ళు ఆ ఖాళీలో మహీధర్‌ని కూర్చోబెట్టారు. ఐర్లండ్‌లో అలా చేయొచ్చు. మా ఊరు డబ్లిన్ దాటాక రైలు దారిలో ఉంటుంది. ఊరి పేరు చెప్పను. కొత్త ఇళ్ళు వరసలు వరసలుగా లేచి, వాటి నిండా మనవాళ్ళు చేరిపోయారు. పార్టీకి ఒక ఇండియన్ మొహం కావాలి, మా ఆయనకి ఒక కుర్చీ కావాలి. ఇద్దరికీ కుదిరింది.

అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను. పక్క ఊరు స్వోర్డ్స్‌లో నా ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను.

కౌన్సిలర్ హోదాలో మహీధర్ మొదట వెళ్ళింది లీలారాణి ఇంటికి. నేనే తీసుకెళ్ళాను. లీల కూతురు అబిగేయిల్, మా ఆశ్రిత ఒకే క్లాసు. ఆ పిల్లల వల్లే మాకు స్నేహం. లీలది ఒంగోలు దగ్గర. ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే ఒక నర్సింగ్‌హోంలో కేరర్‌గా చేస్తుంది. భర్త జాన్ బాబు గారు బస్సు డ్రైవరు. అంతకుముందు చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా ముద్దగా వచ్చేది.

మేం వెళ్ళేసరికి అబిగేయిల్ తలుపు ఓరగా తీసి, "టూ మినిట్స్ ఆంటీ, అమ్మ నాన్నని క్లీన్ చేస్తోంది," అని మమ్మల్ని వాకిట్లోనే ఆపేసింది. తర్వాత లోపలికెళ్ళాం. ముందుగదిలోనే మంచం, ఒక పాత దుప్పటితో అడ్డం కట్టిన తెర. స్నానాలగది పైన ఉంది. మెట్లు ఎంత ఇరుకంటే ఒక్క మనిషి ఒళ్ళు దగ్గరపెట్టుకుని ఎక్కాలి. లీల బేసినులో నీళ్ళు వంటింటి సింకులో పారబోసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"డ్యూటీలో ఉన్నంతసేపూ ముసలివాళ్ళకి షవర్లు చేయించడమే నా పని అన్నయ్యా," అంది మహీధర్‌తో. "కుర్చీలో కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పెట్టి, తల రుద్ది మరీ చేయిస్తా. ఇంటికొచ్చి మా ఆయనకి మాత్రం తడిగుడ్డ."

వంటింటి వెనక వాషింగ్ మెషీన్ ఉండే చిన్న గదిని షవర్‌గా మార్చడానికి కౌన్సిల్ గ్రాంట్ ఇస్తుందట. వాళ్ళ మనిషి వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళాడు. జాబితాలో పేరుంది, వచ్చే ఏడు మొదట్లోనే పని అవుతుందన్నాడు.

మహీధర్ మంచం అంచున కూర్చుని జాన్ బాబు గారి ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"బాబు గారూ, ఇది ఇక మీ పని కాదు, నా పని. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆయన కళ్ళు తడయ్యాయి. కారెక్కాక మహీధర్ సీటుబెల్టు పెట్టుకుంటూ, "పదవి అంటే ఇలాంటివాళ్ళకి పనికిరావాలి సూర్యా," అన్నాడు. నాకు ఆ క్షణాన నా మొగుడు చాలా ఎత్తుగా కనిపించాడు.

ఆగస్టు ఆఖర్లో మా పెరట్లో విందు పెట్టుకున్నాం. మనవాళ్ళ అసోసియేషన్ పెద్ద కృష్ణప్రసాద్ గారు, ఆయన వెంట మా వీధివాళ్ళు, డబ్లిన్‌కి అటువైపున్న ఆడమ్స్‌టౌన్ నుంచి వచ్చిన ఒకరిద్దరు. ఎండ బాగా కాసింది. మహీధర్ నిప్పుల మీద చికెన్ ముక్కలు తిప్పుతున్నాడు. నేను ప్లేట్లు అందిస్తున్నాను. అక్కడే మొదటిసారి ఇంటి పన్ను సంగతి వచ్చింది.

ఇక్కడి ఇంటి పన్ను పద్ధతి ఇంతే: ఇంటి విలువను బట్టి రేటు దేశమంతా ఒక్కటే. కాకపోతే దాన్ని కొంత పెంచుకోవాలా, పదిహేను శాతం దాకా తగ్గించుకోవాలా అన్నది ఏటా ఆకురాలే కాలంలో ఏ కౌంటీకి, అంటే జిల్లాకి, ఆ కౌంటీ కౌన్సిలర్లు ఓటేసి తేలుస్తారు. అందుకే ఒకేలాంటి ఇళ్ళకి గట్టుకి ఇటు ఒక పన్ను, అటు ఒక పన్ను.

"పక్క కౌంటీలో పదిహేను తగ్గించుకున్నారు," అన్నారు కృష్ణప్రసాద్ గారు. "మా బావమరిది ఇల్లు అక్కడ. అదే బిల్డరు, అదే ప్లాను. మా ఇంటికి కవల అనుకో. వాడు తక్కువ కడతాడు, నేను ఎక్కువ కడతాను. నేనేం పాపం చేశాను మహీ?"

"అసలు మనం కట్టేదంతా ఎటుపోతోంది?" అన్నాడు ఆయన పక్కనున్న జగన్. ఆడమ్స్‌టౌన్‌లో కిందటేడే ఇల్లు కొన్న కుర్రాడు, ఓటు అక్కడ, ఉత్సాహం ఇక్కడ.

మహీధర్ చెప్పాడు. ఫుట్‌పాత్‌లు, పార్కులు, లైబ్రరీ, ఒంట్లో బాగాలేనివాళ్ళ ఇళ్ళకి చేసే మార్పులు.

"మార్పులంటే?"

"కింద బాత్రూము కట్టడం, ర్యాంపు వేయడం, అలాంటివి."

కృష్ణప్రసాద్ గారు నవ్వారు. "అంటే మనం కష్టపడి కడితే వాళ్ళకి బాత్రూములా?"

"ఆ చర్చి బ్యాచ్‌కి ఇలాంటి స్కీములన్నీ భలే తెలుస్తాయి లెండి," అన్నాడు జగన్. "ఎక్కడ ఏది ఫ్రీయో ముందు వాళ్ళకే తెలుస్తుంది."

అందరూ నవ్వారు. నా చేతిలో పెరుగుచట్నీ గిన్నె ఉంది. ఆ వారమే స్వోర్డ్స్ బస్సులో ఒకావిడ నన్ను కింది నుంచి పైకి చూసి, మా పన్నులన్నీ మీలాంటివాళ్ళకే పోతున్నాయి అని తన పక్కనావిడతో నాకు వినబడేలా అంది. ఆవిడ అన్నదీ వీళ్ళు అంటున్నదీ ఒకటే మాట, భాషే వేరు. ఇంటికొచ్చి ఆ సంగతి మహీధర్‌కి చెబితే, అది తెలిసి ఇదే కృష్ణప్రసాద్ గారు ఫోన్లో అతనితో రేసిజం పెరిగిపోతోందని గంటసేపు బాధపడ్డారు.

మహీధర్ ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆ ఎడమచెయ్యి పట్టుకున్న మనిషి కదా. అతను ఒక ముక్కని రెండోవైపుకి తిప్పి, "పాయింటే," అన్నాడు.

పాయింటే. అంతే. నేను చట్నీ గిన్నె బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. ఆ మాంసం వాసన నాకు ఆ రోజు నుంచీ పడటం లేదు.

అక్టోబరులో ఓటింగ్. నన్ను కౌన్సిల్ హాలుకి రమ్మన్నాడు, పైన జనం కూర్చునేచోట కూర్చుని తన మొదటి పెద్ద ప్రసంగం వినాలట. సగంరోజు సెలవు పెట్టి వెళ్ళాను. అప్పటికి తన ఓటు ఎటో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

లెక్కలు చూసే అధికారి లేచింది. నెరిసిన జుట్టు, ముక్కుసూటి గొంతు. పన్ను తగ్గిస్తే, ఇళ్ళ మార్పుల గ్రాంట్లలో కౌన్సిల్ వేయాల్సిన వాటా వేయలేమని, కాబట్టి వచ్చే ఏడు కొత్త పనులు మొదలుపెట్టలేమని చెప్పింది. జాబితాలో ఉన్నవాళ్ళు ఎంతకాలం ఆగాలని ఎవరో అడిగారు. "చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది," అంది.

తర్వాత మహీధర్ లేచాడు. నీలం సూటు, నేను కొన్న టై.

"మొన్న వేసవిలో ఒక ఇంటికి వెళ్ళాను," అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ముందుగదిలో మంచం, దుప్పటి తెర, బేసిను, తడిగుడ్డ, పనిలో పరాయివాళ్ళకి స్నానాలు చేయించి వచ్చి మొగుడికి చేయించలేని భార్య. పేర్లు తప్ప అన్నీ చెప్పాడు. గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించాడు. ఎదురుబెంచీలో ఒక పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నా గుండె తేలికపడింది. పెరట్లో ఆ రోజు మొహమాటానికి అన్నాడు అంతే, నా మొగుడు మంచివాడే అనుకున్నాను.

"అయితే," అన్నాడు మహీధర్, "కష్టపడి పనిచేసే కుటుంబాల మీద భారం కూడా మనం చూడాలి. అటువంటి ఇళ్ళ బాధ్యత డబ్లిన్‌లో కూర్చున్న ప్రభుత్వం తీసుకోవాలి."

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. మహీధర్ పేరు వచ్చింది. దాన్ని పేర్లు చదువుతున్న గుమాస్తా అందరిలాగే తప్పుగా పలికాడు. తగ్గింపుకి అనుకూలం అన్నాడు మా ఆయన, స్పష్టంగా, మైకు దగ్గరికి లాక్కుని మరీ.

నేను లేచాను. బయటికొచ్చి మెట్ల మీద గాలి పీల్చుకుంటూ నిలబడ్డాను. తీర్మానం నెగ్గిందని లోపల్నుంచి వస్తున్నవాళ్ళు చెప్పుకుంటున్నారు.

కారులో అడిగాను.

"జాన్ బాబు గారి బాధంతా చెప్పి, విన్నవాళ్ళకి ఏడుపు తెప్పించి, మళ్ళీ తగ్గించమనే ఓటేశారేంటండీ?"

"పార్టీ నిర్ణయం సూర్యా. నేనొక్కణ్ణి వద్దంటే ఆగేదా? ఎలాగూ నెగ్గేదే."

"ఎలాగూ నెగ్గేదైతే మీరు వద్దనొచ్చుగా."

అతను వైపర్లు వేశాడు. వాన పెద్దగా లేదు.

"నీకు రాజకీయం తెలీదు," అన్నాడు.

"లీలకి ఎవరు చెప్తారు?"

"కౌన్సిల్ వాళ్ళే చెప్తార్లే."

ఆ పదిహేను శాతం వల్ల మా ఇంటికి ఏడాదంతటికీ మిగిలేది, ముగ్గురం బయటికెళ్ళి ఒక పూట బిర్యానీ తిని, ఐస్‌క్రీం వద్దనుకుని లేచి వచ్చినంత. కృష్ణప్రసాద్ గారిది మాకన్నా పెద్ద ఇల్లు. ఆయనకి ఐస్‌క్రీం కూడా వస్తుంది.

లీల తనే కౌన్సిల్‌కి ఫోన్ చేసి తెలుసుకుంది. నాతో చెబుతున్నప్పుడు ఏడవలేదు. "మేమూ కడుతున్నాం కదక్కా ఇంటి పన్ను. మాకేం తగ్గించమని మేం అడగలేదే," అంది. మహీధర్ ఎలా ఓటేశాడో తనకి అప్పటికే తెలుసు. నా మొహం చూసి ఆ మాట ఎత్తలేదు.

మా ఇంట్లో కింద షవర్ ఉంది. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వచ్చినప్పుడు ఆవిడ కోసం కట్టించాం. ఆవిడ వెళ్ళాక అందులో ఇస్త్రీబల్ల, సూట్‌కేసులు పెట్టుకున్నాం. అవన్నీ బయటపడేసి, శుభ్రంగా కడిగి, లీలని పిలిచాను. శనివారాల పొద్దున మహీధర్ లైబ్రరీలో కూర్చుని జనం సమస్యలు వింటాడు. ఆ వేళకి రమ్మన్నాను.

మొదటి శనివారం జాన్ బాబు గారు వీల్‌చైర్లో తలదించుకుని వచ్చారు. పరాయి ఇంట్లో ఒళ్ళు కడుక్కోవడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో ఆ మెడ వంపులోనే తెలిసింది. లీల ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. నీళ్ళచప్పుడు మొదలైంది. చాలాసేపు ఆగలేదు. మధ్యలో ఆయన నవ్వు వినిపించింది, తర్వాత లీల నవ్వు. ఆ ఇద్దరూ కలిసి నవ్వగా నేను అంతకుముందు వినలేదు.

బయటికొచ్చాక ఆయన జుట్టు పాపిడి తీసి ఉంది. మొహం వేడినీళ్ళకి ఎర్రబడి మెరుస్తోంది.

"తల మీంచి... నీళ్ళు... పడ్డాయమ్మా," అన్నారు ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. ఇడ్లీలు పెట్టాను. ఎడమచేత్తో నిదానంగా తిన్నారు. డిపోలో తనకి తెలిసిన డ్రైవర్ల కబుర్లు చెప్పారు, సగం అర్థమైంది, సగం లీల అందించింది.

అలా కొన్ని శనివారాలు గడిచాయి. ఒకరోజు మహీధర్ తొందరగా వచ్చేశాడు. గుమ్మం ముందు వీల్‌చైర్ చూశాడు. లోపల ఆయన షవర్ కుర్చీలో ఉన్నారు. నేను గొడవకి సిద్ధపడ్డాను. మహీధర్ మాత్రం నవ్వుతూ, "మంచి పని చేశావు సూర్యా," అని, వాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. "ఇది మీ ఇల్లే అనుకోండి బాబు గారూ." అనుమానించినందుకు నాకు సిగ్గేసింది, అతనిలో మంచితనం ఇంకా మిగిలే ఉందేమోనని ఆశ పుట్టింది.

సాయంత్రం ఆశ్రిత ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"మమ్, డాడ్ ఏం పోస్ట్ చేశాడో చూశావా? ఇట్స్ రాటెన్."

ఫోటోలో మా గుమ్మం. గుమ్మం ముందు ఖాళీ వీల్‌చైర్, దాని చేతి మీద ఆరేసిన తడి తువ్వాలు. కింద రాసిన మాటలు: "అధికారుల నిర్లక్ష్యం తలుపులు మూసిన చోట, నా ఇంటి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి." ఆ కింద లెక్కలేనన్ని హృదయాలు, దండాలు. కృష్ణప్రసాద్ గారు అందరికంటే ముందు రాశారు: "నీలాంటి నాయకుడు మాకు గర్వకారణం తమ్ముడూ."

తీసెయ్యమన్నాను.

"ఎందుకు? మనిషి మొహం పెట్టలేదుగా. ప్రైవసీ చూసుకునే పెట్టా," అన్నాడు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. నటిస్తున్నాడేమోనని కళ్ళలోకి చూశాను. లేదు. తన దయని తనే నమ్మేశాడు. నాకు అసహ్యం స్థిరపడింది అక్కడే. అన్నం వార్చి, పైన ఆశ్రిత గదిలో నాకో పరుపు వేసుకున్నాను.

తర్వాతి శనివారం లీల రాలేదు. నేనే వెళ్ళాను. తను డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"నీ మీద కోపం లేదక్కా," అంది. "కానీ ఈ ఊళ్ళో అలాంటి వీల్‌చైర్ ఉన్న ఇండియన్ ఎవరో అందరికీ తెలుసు. మీ నాన్న కౌన్సిలర్ ఇంట్లో స్నానం చేస్తాడా అని అబిగేయిల్‌ని స్కూల్లో అడిగారంట. ఈయన అది విన్నాడు. ఇంక రానంటే రానన్నాడు."

లీల ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్లైగోలో పని చూసుకున్నానని చెప్పింది. అక్కడ ఒక నర్సింగ్‌హోంలో మనుషులు కావాలట. అద్దెకి ఒకే అంతస్తు ఇల్లు దొరికింది, లోపలికి వీల్‌చైర్ పోయే షవర్ ఉందట. ఈ ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు. ఆయన డిపో స్నేహితులు, చర్చి, అబిగేయిల్ స్కూలు, అన్నీ ఇక్కడే వదిలేసి దేశం ఆ చివరికి పోతున్నారు.

డిసెంబరు మొదట్లో వాళ్ళ చర్చివాళ్ళు స్కూలు హాల్లో వీడ్కోలు పెట్టారు. నన్నూ ఆశ్రితనీ పిలిచారు. ప్రార్థన అయింది, భోజనాలు కాబోతున్నాయి. డిపో నుంచి ఇద్దరు ఐరిష్ డ్రైవర్లు వచ్చి జాన్ బాబు గారి పక్కన కూర్చుని ఆయన ముద్దమాటల్ని ఓపిగ్గా వింటున్నారు. అప్పుడు తలుపు తోసుకుని మహీధర్ వచ్చాడు. వెనక కృష్ణప్రసాద్ గారు. ఆయన చేతిలో జరీ శాలువా.

ఎవరూ పిలవలేదు వాళ్ళని. పాస్టరు గారు మర్యాదకి మైకు ఇచ్చారు.

"మన సోదరుడు జాన్ బాబు గారు నా కుటుంబ సభ్యుడు," అన్నాడు మహీధర్. "ఆయన పోరాటం నాకు స్ఫూర్తి. వారిని సత్కరించుకునే భాగ్యం నాకు కలిగింది."

శాలువా విప్పి ఆయన భుజాల చుట్టూ కప్పి, కొసలు ముందుకి తెచ్చి ఒళ్ళో దోపాడు. జాన్ బాబు గారి పనిచేసే ఎడమచెయ్యి కూడా దాని కిందే ఉండిపోయింది. కృష్ణప్రసాద్ గారు ఫోన్ ఎత్తి, "కొంచెం దగ్గరికి జరగండి," అంటున్నారు. మహీధర్ వంగి, ఆయన చెంప పక్కన తన చెంప పెట్టాడు. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు, అలవాటుగా.

జాన్ బాబు గారి కళ్ళు వెతికి వెతికి నా మీద ఆగాయి.

"అమ్మా," అన్నారు. "ఇది... తీసెయ్."

మాట ముద్దగానే వచ్చింది. కానీ ముందు వరసల్లో అందరికీ అర్థమైంది. నేను లేచి నడిచాను. మహీధర్ నన్ను చూసి, ఫోటోలోకి వస్తున్నాననుకుని, నాకు చోటివ్వడానికి పక్కకి జరిగాడు.

ఒళ్ళో దోపిన కొసలు లాగాను. మెడ దగ్గర జరీ ఆయన గడ్డానికి తగిలి గీరుకుంది, నెమ్మదిగా తప్పించాను. ఎడమచెయ్యి బయటికొచ్చింది. ఆయన ఆ చేత్తో చొక్కా కాలరు సరిచేసుకున్నారు. నేను శాలువా మడతపెట్టి మహీధర్ చేతుల్లో పెట్టాను. ఫోటో కోసం తెచ్చుకున్న నవ్వు ఇంకా అతని మొహం మీదే ఉంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

డ్రైవర్లలో ఒకతను, "యూ ఆల్‌రైట్ దేర్, జాన్?" అన్నాడు.

"గ్రాండ్," అన్నారు జాన్ బాబు గారు, బాగున్నానని చెప్పడానికి ఇక్కడివాళ్ళు అనేలాగే. ఆ ఒక్కమాటా ముద్దలేకుండా వచ్చింది.

తిరుగుదారిలో మేం మహీధర్ కారులోనే వచ్చాం. ఇంటి ముందు ఆపాక అన్నాడు, "అందరిలో అలా చేస్తావనుకోలేదు."

"ఆయన తీయమన్నారు, తీశాను," అని దిగాను. ఆశ్రిత నా వెనకాలే దిగింది.

ఇప్పుడు మళ్ళీ అక్టోబరు వస్తోంది. తగ్గింపు ఇలాగే కొనసాగించాలని అసోసియేషన్ వాళ్ళు సంతకాలు పెట్టిస్తున్నారు. మా ఆయన ఫోటోల్లో నేను ఉండటం మానేసి చాలాకాలమైంది. ఎవరైనా అడిగితే, ఆవిడకి ఆఫీసులో పని ఎక్కువైందని చెబుతున్నాడట.